తెల్లజుట్టుకు ఇంట్లో రంగు: పెరిగిన మేరకే వేసుకోండి

రేపు పెళ్లికి వెళ్లాలనగా ఈ రోజు సాయంత్రం రంగు ప్యాకెట్ చింపకండి. ఇంట్లో రంగు వేసుకుని జుట్టు పాడు చేసుకున్నవాళ్లలో నేను ఎక్కువగా చూసింది ఈ తొందరనే. తొందరలో అది తమ ఒంటికి పడుతుందో లేదో చూసుకోరు. పాపిడి దగ్గర కనిపించే అర అంగుళం తెలుపు కోసం జుట్టంతా పులిమేస్తారు. బాగా ఎక్కాలని గంటసేపు అలాగే వదిలేస్తారు.

మా అమ్మకు పన్నెండేళ్లుగా, నాకు ఐదేళ్లుగా ఇంట్లో నేనే రంగు వేస్తున్నాను. మొదట్లో అమ్మకు నెలనెలా కుదుళ్ల నుంచి చివర్ల దాకా వేసేదాన్ని. మూడేళ్లకు ఆమె జుట్టు కొబ్బరి పీచులా తయారైంది. దువ్వితే చివర్లు తెగి దువ్వెనలోకి వచ్చేవి. తప్పంతా రంగుదే అనుకుని ప్యాకెట్ తర్వాత ప్యాకెట్ మార్చాను. ఏం మారలేదు. ఒకరోజు కూర్చుని లెక్క వేశాక అసలు సంగతి అర్థమైంది.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, లేదంటే ఇంకో పావు ఎక్కువ పెరుగుతుంది. భుజాలు దాటిన జుట్టు, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు ఉందనుకోండి. దాని చివర్లు రెండేళ్ల కిందట మొలిచినవి. నెలకోసారి జుట్టంతటికీ రంగు వేస్తే ఆ చివర్లకు ఇప్పటికే 24 పూతలు పడ్డాయన్నమాట. నిజానికి వాటికి కావలసింది ఒక్కటే. కాబట్టి కింద నేను చెప్పే పద్ధతి అంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది: కొత్తగా పెరిగిన తెలుపుకే రంగు, పాత జుట్టుకు విశ్రాంతి.

రంగు జుట్టులోకి ఎలా దిగుతుంది

వెంట్రుక పైన చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న సన్నని పొర ఉంటుంది. పర్మనెంట్ రంగుల్లో ఉండే అమోనియా ఆ పొలుసులను పైకి లేపుతుంది. ట్యూబులోని రంగు కణాలు చాలా చిన్నవి, ఆ సందుల్లోంచి లోపలికి వెళ్తాయి. రెండో సీసాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని లోపలే కలిపి పెద్దవి చేస్తుంది. అందుకే ఎన్నిసార్లు తలస్నానం చేసినా రంగు పూర్తిగా పోదు. నష్టం కూడా ఇక్కడే జరుగుతుంది. ఒకసారి లేచిన పొలుసులు చాలావరకు సర్దుకుంటాయి. మళ్లీ మళ్లీ లేపితే సర్దుకోవు. జుట్టు గరుకుగా మారి, చిక్కు పడి, తెగుతుంది.

ఈ రెండో సీసానే డెవలపర్ అంటారు. బ్యూటీ సామాన్ల షాపులో విడిగా కొనేవాళ్లు దాని మీద అంకె చూడాలి. 10 వాల్యూమ్ అంటే 3 శాతం పెరాక్సైడ్, 20 అంటే 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12. తెల్లజుట్టుకు 20 చాలు. 30, 40 ఉన్నవి నల్లజుట్టును లేత రంగుకు తేవడానికి వాడేవి. తెల్ల వెంట్రుకలో తీసేయడానికి రంగే లేనప్పుడు అంత ఘాటు ఎందుకు? "తెల్ల వెంట్రుకలు మొండివి, 30 తీసుకోండి" అని షాపులో ఎవరైనా చెప్పినా వినకండి.

"అమోనియా లేదు" అని రాసి ఉంటే వాసన తక్కువగా, కళ్లు మండకుండా ఉంటుంది. అంతవరకే. అమోనియా బదులు అదే పని చేసే మరో పదార్థం అందులో ఉంటుంది. అలర్జీ తెచ్చే పదార్థం అమోనియా కాదు, పీపీడీ. పూర్తి పేరు పారాఫినైలిన్ డయామిన్. నల్ల, ముదురు బ్రౌన్ రంగుల్లో ఎక్కువగా ఉండేది ఇదే, అమోనియా లేని వాటిలో కూడా.

రెండు రోజుల ముందు: చెవి వెనక చుక్క

అమ్మకు ఏడేళ్లపాటు ఏ ఇబ్బందీ రాలేదు. ఎనిమిదో ఏట, ఎప్పుడూ వాడే రంగే వేశాను. మర్నాడు పొద్దున లేచేసరికి నుదురు ఎర్రబడి, కనురెప్పలు తెరవలేనంతగా వాచిపోయాయి. చర్మ డాక్టరు చూసి, పీపీడీ అలర్జీ ఎన్నేళ్లు వాడిన తర్వాతైనా మొదలవ్వచ్చని చెప్పారు. అంతకుముందు నేను ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు. "మనకు అలవాటే కదా" అనుకున్నాను. ఆ మాట మీరు అనుకోకండి.

పరీక్ష చాలా తేలిక. ట్యూబులోంచి, సీసాలోంచి రెండేసి చుక్కలు తీసి ప్లాస్టిక్ మూతలో కలపండి. దూది పుల్లతో చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ రూపాయి బిళ్లంత మేర రాయండి. మీ ప్యాకెట్‌లోని కాగితంలో ఎంతసేపు ఉంచాలో, ఎలా కడగాలో రాసి ఉంటుంది, అలాగే చేయండి. 48 గంటలు గమనించండి. దురద, ఎరుపు, పొక్కు, వాపు వీటిలో ఏది కనిపించినా ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి. "కొంచెమే దురద" అని తల మీద వేసుకుంటే అది కొంచెంతో ఆగదు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో విషయం మన పెళ్లిళ్లకు సంబంధించింది. చేతులకు పెట్టుకునే కోన్లలో అరగంటలో నల్లగా పండేవి కొన్ని ఉంటాయి. గోరింటాకు సహజంగా నల్లగా పండదు, వాటిలో చాలావాటికి పీపీడీ కలుపుతారు. అలాంటి కోన్ పెట్టుకున్నప్పుడు మీ చేతికి ఎప్పుడైనా బొబ్బలు వచ్చి ఉంటే, పరీక్ష కూడా వద్దు. పీపీడీ ఉన్న జుట్టు రంగుల జోలికే వెళ్లకండి.

గర్భిణులు, మాడు మీద పుండ్లు గానీ సోరియాసిస్ గానీ ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. పాతికేళ్లు నిండకుండానే జుట్టు బాగా నెరుస్తుంటే రంగు కంటే ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. లోపం అక్కడ ఉంటే దానికి మందు ఉంది.

ఏ షేడ్ కొనాలి

జెట్ బ్లాక్ కొనకండి. మన జుట్టు నల్లగా కనిపిస్తుంది కానీ ఎండలో చూస్తే చాలామందిది ముదురు గోధుమ నలుపు. దానికి బొగ్గులాంటి నలుపు వేస్తే విగ్గు పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, మూడు వారాలకు తెలుపు పెరిగినప్పుడు నలుపుకూ తెలుపుకూ మధ్య గీత గీసినట్టు తెలిసిపోతుంది. ఆ గీత చూసే మళ్లీ ప్యాకెట్ చింపుతాం. ముదురు బ్రౌన్ వేస్తే ఆ గీత అంత కొట్టొచ్చినట్టు ఉండదు, ఇంకో రెండు మూడు వారాలు ఆగవచ్చు. ఏడాదికి పన్నెండు పూతలు కాస్తా ఎనిమిదికి దిగుతాయి. డబ్బా మీద సాధారణంగా 1 అంటే నలుపు, 3, 4 అంటే ముదురు బ్రౌన్ల వరుస.

తల మీద అక్కడక్కడా పది ఇరవై తెల్ల వెంట్రుకలే ఉంటే పర్మనెంట్ రంగు వద్దు. కణతల దగ్గర, పాపిడి వెంట పూసుకునే టచప్ స్టిక్కులు, పౌడర్లు దొరుకుతున్నాయి. ఫంక్షన్‌కు రాసుకుని, తలస్నానంలో కడిగేసుకోవచ్చు. జుట్టు లోపలికి ఏదీ వెళ్లదు.

రంగు వేసే రోజు

ముందు రోజు గానీ ఆ రోజు గానీ షాంపూ పెట్టకండి. మాడు మీద సహజంగా ఉండే జిడ్డు మంట నుంచి కాస్త కాపాడుతుంది. అలాగని నూనె కారుతున్న తల మీద రంగు ఎక్కదు. తలంటుకుని రెండు రోజులైన పొడి జుట్టు సరిగ్గా సరిపోతుంది. పేను దువ్వెనతో మాడు గీరడం, గోళ్లతో గోకడం ఆ రెండు రోజులూ మానేయండి.

దగ్గర పెట్టుకోవలసినవి: గాజు లేదా ప్లాస్టిక్ గిన్నె (స్టీలు, ఇత్తడి వద్దు), రంగు బ్రష్, గ్లౌజులు, నాలుగు క్లిప్పులు, పాత తువ్వాలు, వాజ్‌లిన్, కొబ్బరి నూనె, గడియారం. కిటికీ తీసి ఉంచండి.

జుట్టు చిక్కు తీసి, నుదుటి నుంచి మెడ దాకా ఒక పాపిడి, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా ఒక పాపిడి తీసి నాలుగు భాగాలుగా క్లిప్పులు పెట్టండి. నుదుటి అంచున, చెవుల మీద, మెడ దగ్గర వాజ్‌లిన్ రాయండి. ఇప్పుడు పాత రంగు ఉన్న పొడవంతా, అంటే కుదుళ్లకు రెండు అంగుళాల కింద నుంచి చివర్ల దాకా, అరచేతిలో కొద్దిగా కొబ్బరి నూనె తీసుకుని పట్టించండి. పొరపాటున రంగు కారినా అక్కడ ఎక్కువగా పట్టకుండా ఈ నూనె అడ్డుపడుతుంది. ఇది ప్యాకెట్ మీద ఎక్కడా రాసి ఉండదు. అమ్మ జుట్టు చివర్లు నిలబడ్డాయంటే పెరిగిన మేరకే వేయడం ఒకటి, ఈ నూనె ఒకటి కారణమని నా నమ్మకం.

రంగు, డెవలపర్ ప్యాకెట్ చెప్పిన కొలతలోనే కలపండి. కలిపిన వెంటనే వాడాలి. కుదుళ్లకే కాబట్టి సగం చాలు. ట్యూబులో, సీసాలో మిగిలినది విడివిడిగా మూత పెట్టి దాచుకోవడానికి వీలుందో లేదో కాగితంలో చూడండి. కలిపేసింది మాత్రం దాచకూడదు. మూత బిగిస్తే లోపల వాయువు పుట్టి సీసా ఉబ్బి పగలవచ్చు.

తెలుపు ఎక్కువగా ఉన్నచోట మొదలుపెట్టండి. చాలామందికి అది కణతలు, నుదుటి మీద పాపిడి. అక్కడి వెంట్రుకలు బిరుసుగా ఉండి రంగును ఆలస్యంగా తీసుకుంటాయి కాబట్టి వాటికే ఎక్కువ సమయం దొరకాలి. తర్వాత నడినెత్తి, చివరగా మెడ వైపు. అర అంగుళం మందాన పాయ తీసి, తెల్లగా ఉన్న మేర మాత్రమే బ్రష్‌తో పూసి, పక్కకు వాల్చి, తర్వాతి పాయ తీయండి. మాడుకు రుద్దవద్దు, వెంట్రుకకు పూయాలి. వెనక భాగం మీకు కనిపించదు కదా, ఇంట్లో ఎవరినైనా సాయం అడగండి. అద్దంలో చూస్తూ తడుముకుంటే అక్కడే రంగు కింది జుట్టు మీద పడుతుంది.

గడియారం చూసుకోండి. ప్యాకెట్ మీద 30 నిమిషాలని ఉంటే 30. ఇంకో అరగంట ఉంచితే ఇంకా నల్లబడదు, పెరాక్సైడ్ పని చేస్తూ చేస్తూ ఆగిపోతుంది. జుట్టు ఎండిపోవడమే మిగులుతుంది. మధ్యలో ఒక పాయ తడి దూదితో తుడిచి చూడండి. కొద్దిగా చిరచిర చాలామందికి ఉంటుంది. మంట పుడితే మాత్రం సమయం చూడకుండా కడిగేయండి.

పొడవు బాగా వెలిసిపోయినట్టు ఉంటే, ఏడాదికి రెండు మూడుసార్లు, చివరి ఐదు నిమిషాల్లో కుదుళ్ల దగ్గరి రంగునే కాసిని నీళ్లతో పలచన చేసి కిందికి దువ్వండి. ఆ రోజు నూనె పట్టించకండి. ప్రతిసారీ ఇలా చేయకూడదు.

గోరువెచ్చని నీళ్లతో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ప్యాకెట్‌లో ఇచ్చిన కండిషనర్ పొడవుకు రాసి మూడు నిమిషాలు ఉంచి కడిగేయండి. చర్మానికి అంటిన మరకలను కొబ్బరి నూనె అద్దిన దూదితో మెల్లగా తీయండి. నిమ్మచెక్కతో, బట్టల సబ్బుతో రుద్దితే మరక పోదు, చర్మం మండుతుంది. కనుబొమలకు, రెప్పలకు ఈ రంగు ఎప్పుడూ వేయకండి. మీసానికి వేసుకునే మగవాళ్లు మీసానికని విడిగా అమ్మేదే వాడాలి.

పీపీడీ పడనివాళ్లకు: గోరింటాకు, నీలి ఆకు

అలర్జీ వచ్చాక అమ్మకు ఇదే దారి అయింది. ఒక పూట పడుతుంది, ఓపిక కావాలి. కానీ పొలుసులు లేపే పని ఇందులో లేదు. గోరింటాకులోని ఎర్రని పదార్థం వెంట్రుకలోని కెరటిన్‌ను నేరుగా పట్టుకుంటుంది. ఆషాఢంలో అరచేయి పండేదీ ఇలాగే.

కొనేటప్పుడు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. "నల్ల హెన్నా" అని పొడి ప్యాకెట్లు అమ్ముతారు. వెనక చిన్న అక్షరాల్లో చదివితే చాలావాటిలో పీపీడీ ఉంటుంది, కొన్నిటిలో లోహ లవణాలు ఉంటాయి. నీళ్లలో కలిపి అరగంటలో నల్లబరిచే పొడి ఏదైనా ఒట్టి గోరింటాకు కాదు. పదార్థాల వరుసలో గోరింటాకు ఒక్కటే ఉన్నది కొనండి. నీలి ఆకు పొడి, అదే ఇండిగో, విడిగా కొనాలి. రెండింటికీ చెవి వెనక పరీక్ష తప్పదు. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లు గోరింటాకు వాడకూడదు, వాళ్లలో ఇది రక్తకణాలను దెబ్బతీయగలదు. ఇదివరకే రసాయన రంగు ఉన్న జుట్టయితే దువ్వెనలో ఊడిన వెంట్రుకలు నాలుగు పోగుచేసి వాటి మీద ముందు వేసి చూడండి.

పెరట్లో చెట్టు ఉన్నవాళ్లు ఆకు రుబ్బి తలకు పెట్టాలనుకుంటారు. చేతికి అది బాగుంటుంది. తలకు మాత్రం పీచు చిక్కుకుని, కడిగేటప్పుడు వెంట్రుకలు తెగుతాయి. వస్త్రకాయం పట్టిన మెత్తని పొడే మంచిది.

మొదటిసారి జుట్టంతటికీ వేయడానికి భుజాల దాకా ఉన్నవాళ్లకు 100 గ్రాములు కావాలి. తర్వాత కుదుళ్లకే కాబట్టి 40 గ్రాములు చాలు. రాత్రి గోరువెచ్చని టీ డికాక్షన్‌లో చెంచాడు ఉసిరి పొడి వేసి పెరుగంత చిక్కగా కలిపి మూత పెట్టండి. పొద్దునకు పైన గోధుమ రంగు తేలుతుంది. ఎండాకాలంలో నాలుగైదు గంటలు చాలు. గుడ్డు, పెరుగు, నూనె కలపడం మన ఇళ్లలో అలవాటే కానీ రంగు కోసం వేసేటప్పుడు వద్దు. గుడ్డులో, పెరుగులో ఉండే ప్రొటీన్ రంగును ముందు తానే పట్టేస్తుంది, తెల్ల వెంట్రుకకు మిగలదు.

దీనికి జుట్టు శుభ్రంగా, జిడ్డు లేకుండా ఉండాలి. రసాయన రంగుకు చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. పాయలు తీసి కుదుళ్లకు దట్టంగా పెట్టి, ప్లాస్టిక్ టోపీ కప్పి రెండు మూడు గంటలు ఉంచండి. ఒట్టి నీళ్లతో కడగండి. తెల్ల వెంట్రుకలు నారింజ రంగులో మెరుస్తాయి. చూసి కంగారు పడకండి, పని సగమే అయింది.

ఇప్పుడు నీలి పొడి. ఇది రాత్రి నానబెట్టేది కాదు. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి కలిపి, పదిహేను నిమిషాలు ఆగితే పచ్చని ముద్ద పైన నీలం ఛాయ వస్తుంది. వెంటనే పెట్టేయాలి, ఆలస్యమైతే బలం పోతుంది. ఇందులో నిమ్మరసం వేయకూడదు. నారింజ రంగు పట్టిన మేర అంతా కప్పి గంట, గంటన్నర ఉంచి నీళ్లతో కడిగేయండి. ఆ రోజు కాస్త పచ్చగా కనిపించవచ్చు. గాలి తగిలే కొద్దీ ముదిరి రెండు రోజులకు నలుపు గోధుమ రంగులోకి వస్తుంది. ఈ రెండు రోజులూ షాంపూ ముట్టుకోవద్దు. అందుకే శనివారం పెట్టుకుంటే సోమవారం ఆఫీసుకు బాగుంటుంది, ఆదివారం పెళ్లికి బాగుండదు.

ఆకు కదా, ఏమీ కాదని ప్రతిసారీ చివర్ల దాకా పెడితే ఇది కూడా పేరుకుంటుంది. జుట్టు బిరుసెక్కి, చివర్లు నల్లగా, కుదుళ్లు ఎర్రగా అవుతాయి. దీనికీ అదే నియమం, పెరిగిన మేరకే.

ఆ తర్వాత

రసాయన రంగు వేశాక కూడా రెండు మూడు రోజులు షాంపూ ఆపండి. తర్వాత వారానికి రెండుసార్లు చాలు. తలంటుకు ముందు రాత్రి కొబ్బరి నూనె రాయడం మన పెద్దవాళ్ల పద్ధతి. నీళ్లలో నానినప్పుడు వెంట్రుక నుంచి ప్రొటీన్ పోకుండా కొబ్బరి నూనె కాపాడుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. బోరు నీళ్లు గట్టివైతే చివరి రెండు చెంబులు ఫిల్టర్ నీళ్లో వాన నీళ్లో పోసుకోండి. మరిగే నీళ్లు వద్దు. స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్ లాంటివి చేయించుకోవాలంటే రంగుకూ దానికీ కనీసం రెండు వారాల ఎడం ఉంచండి.

ప్యాకెట్లు పిల్లల చేతికి అందని అలమరలో పెట్టండి. నల్ల రంగు పొడి గానీ ద్రవం గానీ నోట్లోకి వెళ్తే గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా ప్యాకెట్ చేతిలో పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మా ఇంట్లో రంగు వేసిన రోజున క్యాలెండర్‌లో "ర" అని రాస్తాను. అక్కడి నుంచి ఆరు వారాలు లెక్కపెట్టి ఇంకో గుర్తు, దానికి రెండు రోజుల ముందు ఒక చిన్న చుక్క. మధ్యలో ఏ ఫంక్షన్ వచ్చినా పాపిడికి టచప్ స్టిక్కే. ఆరో వారం శుక్రవారం చెవి వెనక చుక్క, ఆదివారం పొద్దున కుదుళ్లకు రంగు.